దుకాణపు తాళములు మోయువాని విశ్రాంతి

రాత్రి తొమ్మిదిన్నర గంటల సమయము. విజయవాడ బీసెంటు రోడ్డునందైనను, హైదరాబాదు సుల్తాను బజారునందైనను, మరి ఏ పట్టణపు అంగడివీధియందైనను ఈ వేళకు దీపములు ఒక్కొక్కటిగా ఆరిపోవుచుండును. అమ్మకపు గుమాస్తాలు సంచులు భుజమునకు తగిలించుకొని బస్సులకొరకు వడివడిగా నడచిపోవుదురు. ఒక వస్త్రదుకాణమునందు మాత్రము షట్టరు సగము దిగి, లోపల ఒక దీపము వెలుగుచుండును. ఆ దీపము క్రింద ఒక మనిషి నిలువబడి ఆనాటి రొక్కము లెక్కించుచుండును. దానిని బిల్లులతో సరిచూచుచుండును. మరునాడు రానున్న సరుకుల జాబితాను చదువుచుండును. ఉదయము ఆ దుకాణపు తాళము తీసినది అతడే. ఇప్పుడు తాళము వేయవలసినదియు అతడే.

అతనిని నలుగురును 'మేనేజరు గారు' అని గౌరవముతో పిలుతురు. ఆ గౌరవము తగినదే. చీరలు విప్పి చూపు దుకాణమైనను, బియ్యము పప్పులు మొదలుకొని సబ్బుల వరకు అమ్ము పెద్ద అంగడియైనను, సక్రమముగా నడచుటకు అతని చూపు, ఓర్పు, జ్ఞాపకశక్తియే ఆధారములు. కాని దుకాణములో పనిచేయు గుమాస్తాల పనిగంటలకు చట్టరీత్యా ఒక హద్దు కలదు. ఈ ఒక్కని పనిగంటలకు హద్దు ఎవరు ఏర్పరచవలెను? ఆ హద్దు లేకపోయినచో అతని దేహమునకు ఏమి సంభవించును? ఈ రెండు ప్రశ్నలును అతనికి మాత్రమే గాక, అతని ఇంటివారికిని, యజమానికిని, రాత్రి వేళ ఆ దుకాణపు మెట్లెక్కు మనకును సంబంధించినవే.

వారములో సగము

దుకాణము ఉదయము పది గంటలకు తెరచునని అనుకొందము. నిర్వాహకుడు తొమ్మిదిన్నరకే రావలెను. ఊడ్చుట, తుడుచుట పూర్తియైనదా, దీపములు వెలుగుచున్నవా, ఏ గుమాస్తా రాలేదు, అతని స్థానమున ఎవరిని నిలుపవలెను అని చూచుకొనవలెను. గల్లాపెట్టెలో చిల్లర సర్దవలెను. పదకొండు గంటలకు సరుకు బండి వచ్చును. మూటలు దింపించి, లెక్క చూచి, ధర చీటీలు అంటింపించవలెను. మధ్యాహ్నము ఒంటిగంటకు గుమాస్తాలు వంతులవారీగా భోజనమునకు పోవుదురు. వారి వంతులన్నియు ముగిసిన పిదపగాని నిర్వాహకునకు అన్నపు డబ్బా విప్పు తీరిక దొరకదు. డబ్బా విప్పిన తరువాతనైనను "సార్, కొన్నవారు సరుకు మార్చుమని అడుగుచున్నారు" అను పిలుపు వచ్చును.

సాయంత్రము ఆరు మొదలు తొమ్మిది వరకు అసలైన సందడి. కార్యాలయములనుండి మరలువారందరును ఆ మూడు గంటలలోనే వత్తురు. ఈ వేళలో నిర్వాహకుడు కూర్చుండుట అరుదు. ఒకచోట బేరము తెగదు. ఒకచోట బిల్లు యంత్రము ఆగిపోవును. మరొకచోట కొలత తప్పిన చొక్కా తిరిగి వచ్చును. తొమ్మిదిన్నరకు తలుపు మూసిన తరువాత లెక్కలు. పదిన్నరకు తాళము. ఇంటికి చేరుసరికి పదకొండు.

ఈ లెక్కను కాగితము మీద వేసి చూడవచ్చును. దుకాణములో 13 గంటలు, రాకపోకలకు ఒక గంట, మొత్తము దినమునకు 14 గంటలు. వారమునకు ఆరు దినములైనచో 84 గంటలు. వారములో ఉన్న గంటలు 168. అనగా అతని ఆయుస్సులో సరిగా సగము దుకాణమునకే చెల్లిపోవుచున్నది. పనిదినమున మిగిలిన పది గంటలలో ఏడు గంటలు నిద్రకు విడిచినచో స్నానమునకు, భోజనమునకు, పిల్లలతో మాటాడుటకు, పెద్దలను పలుకరించుటకు మూడు గంటలు మిగులును. సాధారణముగా ఈ మూడు గంటలు చాలవు. చాలని భాగమును మనిషి నిద్రనుండియే తీసికొనును.

ఇది మామూలు దినముల మాట. ఆషాఢమాసపు తగ్గింపు ధరలు, శ్రావణమాసపు పెండ్లి కొనుగోళ్లు, దసరా, దీపావళి, సంక్రాంతి, ఉగాది, రంజాను, క్రిస్మసు అని వరుసగా వచ్చు రోజులలో ఏడవ దినపు సెలవును తరచుగా రద్దగును. మార్చి నెలాఖరున నిలువ సరుకు లెక్కించు పని పడును. ఊరంతయు పండుగ చేసికొను దినముననే దుకాణ నిర్వాహకునకు పని హెచ్చు. ఆదివారము ఇతరులకు విశ్రాంతిదినము. అందుచేతనే అది అతనికి అన్నిటికంటె బరువైన దినము. ఇప్పుడు వీటికి తోడు ఫోను వచ్చినది. దుకాణము మూసినను సందేశములు ఆగవు. నేటి అమ్మకమెంత, నెల లక్ష్యమునకు ఇంకెంత తక్కువ అని పై కార్యాలయమువారు రాత్రి పదకొండు గంటలకు అడుగుదురు. రేపు రాలేనని గుమాస్తా ఉదయము ఆరింటికి తెలుపును.

స్వంత దుకాణము నడుపుకొనువారి స్థితియు ఇంతకంటె మేలుగా ఉండదు. మనదేశములో చిన్న కిరాణా దుకాణములు అనేకము కుటుంబములే నడుపుచున్నవి. అచ్చట యజమానియు, నిర్వాహకుడును, కొన్నివేళల గుమాస్తాయు ఒక్కడే. ఉదయము పాలపొట్లములతో మొదలైన పని రాత్రి చివరి బేరముతోగాని ముగియదు.

చట్టము చూచినవారు, విడిచినవారు

దుకాణపు పని దేహమును హరించునని లోకము గుర్తించి నూరేండ్లు దాటినది. బ్రిటనులో 1886లో వచ్చిన చట్టము పదునెనిమిది ఏండ్లలోపు పిల్లలచేత దుకాణములందు వారమునకు 74 గంటలకు మించి పనిచేయింపరాదని నిర్ణయించినది. అంత ఎక్కువ గంటలు ఆనాడు ఒక సంస్కరణగా కనబడెననిన, అంతకు పూర్వపు స్థితిని ఊహించుకొనవచ్చును. 1899లో మరొక చట్టము, దుకాణములలో పనిచేయు ప్రతి ముగ్గురు స్త్రీలకు ఒక ఆసనమైనను ఉండవలెనని విధించినది.

మనదేశములో 1939లో బొంబాయి రాష్ట్రము దుకాణముల చట్టమును చేసినది. 1942లో వారపు సెలవుల చట్టము వచ్చినది. 1947లో మద్రాసు రాష్ట్రము తన దుకాణముల చట్టమును చేయగా, నాడు ఆ రాష్ట్రమునందుండిన తెలుగు జిల్లాలకును అది వర్తించినది. 1988లో ఆంధ్రప్రదేశ్ దుకాణముల, సంస్థల చట్టము వచ్చినది. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు, వారమునకొక సెలవు అనునవి అందు గుమాస్తాలకు లభించిన హక్కులు. తరువాతి కాలమున కొన్ని రాష్ట్రములు దినపు గంటల పరిమితిని సవరించినవి. కాని పనికి ఒక హద్దు ఉండవలెనను మూలసూత్రమును ఎవరును త్రోసిపుచ్చలేదు.

అయితే ఈ చట్టములలో ఒక వాక్యము మరల మరల కనబడును. 1942 నాటి వారపు సెలవుల చట్టము, దుకాణములో పనిచేయు ప్రతివానికిని వారమునకొక పూర్తిదినము సెలవు ఈయవలెనని చెప్పుచునే, యజమాని ఆంతరంగికులను, నిర్వాహక స్థానమందున్నవారిని మినహాయించినది. 1947 నాటి మద్రాసు చట్టమును నిర్వాహక స్థానమందున్నవారిని విడిచిపెట్టినది. 1930లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వాణిజ్య సంస్థల పనిగంటలను గూర్చి చేసిన ఒడంబడికయందు కూడ, నిర్వాహకులను మినహాయించుటకు ఆయా దేశములకు వీలు కల్పింపబడినది.

ఆ మినహాయింపునకు ఆనాడు ఒక కారణముండెను. నిర్వాహకుడనగా యజమానితో సమానుడు, తన రాకపోకలను తానే నిర్ణయించుకొనువాడు, అలసినచో విశ్రమింపగలవాడు అని చట్టకర్తలు తలచిరి. నేటి దుకాణ నిర్వాహకులలో ఎందరికి అట్టి స్వేచ్ఛ కలదు? దుకాణము తెరచు వేళను నిర్ణయించునది పై కార్యాలయము. ధరను, అమ్మకపు లక్ష్యమును నిర్ణయించునదియు అదియే. ఎందరు గుమాస్తాలుండవలెనో చెప్పునదియు అదియే. ఒక గుమాస్తా రానిచో ఆ స్థానమున నిలిచి చీరలు మడుచువాడు మాత్రము నిర్వాహకుడు.

1957లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వారపు విశ్రాంతిని గూర్చి మరొక ఒడంబడిక చేసినప్పుడు మినహాయింపు మాటను కొంత కుదించినది. అందులో 'ఉన్నత' నిర్వహణ పదవులందున్నవారు మాత్రమే పేర్కొనబడిరి. జపానులో ఈ భేదము న్యాయస్థానము వరకు వెళ్ళినది. ఒక ఆహారశాలల సంస్థలో ఒక శాఖకు నిర్వాహకుడుగా ఉన్న వ్యక్తి, తాను పేరునకు మాత్రమే నిర్వాహకుడనని, అదనపు గంటలకు వేతనము ఈయవలెనని దావా వేసెను. 2008 జనవరిలో టోక్యో జిల్లా న్యాయస్థానము అతని వాదమును అంగీకరించి, 75 లక్షల యెన్‌లకు పైగా చెల్లింపవలెనని తీర్పు చెప్పినది. అప్పటినుండి 'నామమాత్ర నిర్వాహకుడు' అను మాట ఆ దేశమున విస్తారముగా వాడుకలోనికి వచ్చినది.

దేహమునకు పదవి తెలియదు

చట్టము మినహాయించినను ప్రకృతి ఎవరిని మినహాయింపదు. మేనేజరు గారి గుండెయు, గుమాస్తా గుండెయు ఒక్క విధముగనే అలయును.

ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలసి 2021లో ఒక ముఖ్యమైన అంచనాను ప్రకటించినవి. వారమునకు 35 మొదలు 40 గంటలు పనిచేయువారితో పోల్చినప్పుడు, 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయువారికి పక్షవాతపు అపాయము 35 శాతము అధికము. గుండెకు రక్తము చాలక కలుగు జబ్బుతో మరణించు అపాయము 17 శాతము అధికము. 2016వ సంవత్సరములో దీర్ఘమైన పనిగంటల మూలమున ప్రపంచమునందు 7 లక్షల 45 వేలమంది ఈ రెండు జబ్బులతో మరణించిరని ఆ సంస్థలు లెక్కకట్టినవి.

ఈ అంకెలను సరిగా అర్థము చేసికొనవలెను. నూరుగురిలో ముప్పదియైదుగురికి పక్షవాతము వచ్చునని దీని భావము కాదు. ఒక్కొక్కనికి మామూలుగా ఉండు అపాయము ఎంతయో, దానికి మూడవ వంతుకు పైగా అదనముగా చేరునని అర్థము. ఇదివరకే రక్తపుపోటు, మధుమేహము, పొగాకు అలవాటు ఉన్నవానికి ఆ చేరిక మిక్కిలి బరువగును. మరియొక సంగతి: ఈ ఫలితము వెంటనే కనబడదు. ఆ మరణములలో ఎక్కువ భాగము 60 మొదలు 79 ఏండ్ల వయసువారివి. వారు అంతకు పూర్వము, నడివయసు మొదలుకొని, ఆ విధముగా పనిచేసినవారు. నలుబదియైదవ ఏట "నాకేమియు కాలేదు" అను ధైర్యము అందుచేత నమ్మదగినది కాదు.

అపాయము రెండు మార్గముల వచ్చును. మొదటిది, ఎడతెగని ఒత్తిడివలన దేహములో కొన్ని స్రావములు హెచ్చి రక్తపుపోటును పెంచుట. రెండవది, అలవాట్లు చెడుట. తీరిక లేనివాడు భోజనమునకు బదులు టీ త్రాగును. రాత్రి పదకొండింటికి ఆకలితో అధికముగా తినును. నిద్ర ఆపుకొనుటకు సిగరెట్టు కాల్చును. నడకకు వేళ చిక్కదు. పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు వ్యాయామము అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దుకాణములో దినమంతయు తిరుగుచున్నాను గదా అని కొందరందురు. గజము దూరము నడచి గంటసేపు నిలుచుట వ్యాయామము కానేరదు.

నిలుచుటవలన కలుగు బాధను వేరుగా చెప్పవలెను. కాళ్ళలోని రక్తము గుండెవైపునకు పైకి పోవుటకు పిక్క కండరములు పిండుచుండవలెను. నడచునప్పుడు అవి ఆ పని చేయును. కదలక నిలిచినప్పుడు చేయవు. రక్తము క్రింద నిలిచి సిరలు ఉబ్బును. సాయంత్రమునకు పాదములు వాచును. మడమలు, నడుము నొచ్చును. ఏండ్ల తరబడి ఇట్లు జరిగినచో ఉబ్బిన సిరలు మెలికలు తిరిగి చర్మము క్రింద కనబడును. కొందరికి మానని పుండ్లును పడును. కూర్చుండుటకు హక్కు కావలెనని కేరళలోని కోళికోడు నగరపు దుకాణములలో పనిచేయు స్త్రీలు ఏండ్లకొలది పోరాడిరి. దాని ఫలితముగా 2018లో ఆ రాష్ట్రము తన చట్టమును సవరించి, దుకాణములలో ఆసనములు ఏర్పరుపవలెనని విధించినది. 2021లో తమిళనాడును అట్లే చేసినది. ఒక బల్లకొరకు ఇంత పోరాటము జరిగినదని తెలిసినవారు, దుకాణములో ఖాళీగా ఉన్న ఆసనము మీద కూర్చుండుటకు సంకోచింపరాదు. నిర్వాహకుడు కూర్చున్నచో గుమాస్తాలకును ధైర్యము కలుగును.

నిద్రలేమి రోడ్డు మీద

రాత్రి మూసినవాడే ఉదయము తెరచుట మరొక చిక్కు. పదకొండింటికి ఇల్లు చేరినవాడు పండ్రెండున్నరకు గాని నిద్రపోడు. ఉదయము ఆరింటికి ఇంటిలో సందడి మొదలగును. అయిదున్నర గంటల నిద్ర. పెద్దవారికి కనీసము ఏడు గంటలు కావలెను. వారమునకు ఆరు దినములు ఇట్లు గడచినచో తొమ్మిది గంటల నిద్ర బాకీపడును. ఒక్క సెలవుదినపు పగటినిద్ర ఆ బాకీని తీర్పజాలదు.

ఐరోపా దేశములు 2003 నాటి తమ పనివేళల ఆదేశములో, ప్రతి ఇరువదినాలుగు గంటలలో వరుసగా 11 గంటల విశ్రాంతి ఉండవలెనని వ్రాసికొన్నవి. మన నిర్వాహకుడు రాత్రి పదిన్నరకు తాళము వేసినచో, ఈ సూత్రము ప్రకారము మరునాడు తొమ్మిదిన్నరకు మునుపు రాకూడదు. సరుకు బండి ఎనిమిదింటికే వచ్చు దినములలో ఈ సూత్రము నిలువదు.

దీని అపాయము ఇంటికి పోవు దారిలోనే పొంచియుండును. పదునేడు గంటలు వరుసగా మెలకువతో ఉన్నవాని చురుకుదనము, రక్తములో 0.05 శాతము మద్యము చేరినవాని చురుకుదనముతో సమానముగా తగ్గునని 1997లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధన చూపినది. మనదేశములో వాహనము నడుపువాని రక్తములో 0.03 శాతమునకు మించి మద్యముండుట నేరము. ఉదయము ఆరింటికి లేచి రాత్రి పదకొండింటికి మోటారు సైకిలు మీద ఇల్లు చేరువాడు పదునేడు గంటలు మేల్కొనియున్నవాడే. అతడు చుక్కయైనను ముట్టి ఉండడు. అయినను అడ్డువచ్చిన మనిషిని చూచి బ్రేకు నొక్కుటలో ఆలస్యమగును. నిద్ర మీదికి వచ్చుచున్నప్పుడు బస్సునో ఆటోనో ఎక్కుట, లేదా బయలుదేరుటకు మునుపు పదిహేను నిమిషములు కునుకు తీయుట ప్రాణరక్షణము.

ఇంటివారి వంతు

నిర్వాహకురాలు స్త్రీయైనచో భారము రెండింతలగును. 2019లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతములేని ఇంటిపని చేయు స్త్రీలు దానికి దినమునకు సగటున 299 నిమిషములు వినియోగించుచున్నారని తేలినది. ఆ పని చేయు పురుషుల వంతు 97 నిమిషములు మాత్రమే. దుకాణమునుండి రాత్రి వచ్చిన స్త్రీ మరల పొయ్యి దగ్గర నిలువవలసివచ్చినచో, ఆమెకు విశ్రాంతి ఎప్పుడు? ఇంటిలోని పురుషులు, ఎదిగిన పిల్లలు ఆ పనిని పంచుకొనుట ఆమె ఆరోగ్యమునకు మందువంటిది.

పురుషుడు నిర్వాహకుడైన ఇంటిలో వేరొక లోటు. అతడు బయలుదేరు వేళకు పిల్లలు బడిలో ఉందురు. తిరిగివచ్చు వేళకు నిద్రలో ఉందురు. చిన్న మాటకు కోపము వచ్చుట, ఎవరితోను మాటాడ బుద్ధిపుట్టకపోవుట, సెలవుదినమునను దుకాణపు చింత వదలకపోవుట, మునుపు సంతోషము కలిగించినవి ఇప్పుడు రుచింపకపోవుట అనునవి స్వభావదోషములు అని ఇంటివారు తలపరాదు. ఇవి అలసిన మనస్సు చూపు గుర్తులు. రెండు వారములకు మించి ఇట్లున్నచో వైద్యుని సలహా తీసికొనవలెను. 2022లో ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, రాత్రింబవళ్ళు ఉచితముగా తెలుగులోనే మాటాడి సలహా పొందవచ్చును.

రెండవ తాళపుచెవి

ఇంత చెప్పిన తరువాత, నిర్వాహకులలో అనేకులు ఒకటే సమాధానము చెప్పుదురు: "నేను లేనిచో దుకాణము నడువదు." ఈ మాటలో కొంత గర్వమును, కొంత భయమును కలదు. నిజమునకు, ఒక్క మనిషి జ్వరపడినంతమాత్రమున మూతపడు దుకాణము బాగుగా నడుచుచున్న దుకాణము కాదు. ఆ మనిషి నమ్మదగినవాడగుటచేతనే అన్ని పనులును అతని మీద పడినవి. అతడు పడిపోయిననాడు యజమానికి కలుగు నష్టమును పెద్దదే.

కావున చికిత్స రెండవ తాళపుచెవితో మొదలు కావలెను. గుమాస్తాలలో నేర్పరియైన ఒకనికిగాని ఇద్దరికిగాని తెరచుట, మూయుట, రొక్కము లెక్కించుట నేర్పవలెను. లెక్క అప్పగించునప్పుడు ఇద్దరును సంతకము చేయు పుస్తకమొకటి ఉంచినచో అనుమానమునకు తావుండదు. ఒకడు తెరచిన దినమున మరొకడు మూయవలెను. ఇట్లు చేసినచో నిర్వాహకుని 13 గంటలు తొమ్మిదికి దిగును. వారమునకు 54 గంటలగును. ఆ పైన చెప్పిన 55 గంటల గీతకు అది ఇవతలి వైపున ఉన్నది. మధ్యాహ్న భోజనమునకు ఒక గంట నిక్కముగా దక్కినచో, అసలు పనిగంటలు 48కి చేరును. దుకాణపు తలుపు తెరచియుండు గంటలు ఒక్కటియు తగ్గలేదు.

నిర్వాహకులు పాటింపదగినవి:

పనికి వచ్చిన వేళ, పోయిన వేళ ఒక నెలపాటు చిన్నపుస్తకములో వ్రాసికొనుడు. తన గంటలెన్నియో వ్రాసి చూచినవారు తక్కువ. యజమానితో మాటాడుటకు ఇదియే మంచి ఆధారము.

భోజనపు వేళను గుమాస్తాల వంతుల పట్టికలోనే మీ పేరుతో వ్రాయుడు. మధుమేహమునకు మందు తీసికొనువారు ఈ వేళను ఎట్టి పరిస్థితులలోను దాటరాదు.

గంటకొకసారి కొన్ని నిమిషములు కూర్చుండుడు. నిలిచియున్నప్పుడు మడమలెత్తి దించుచు పిక్కలను కదలించుడు. మెత్తని అడుగుగల పాదరక్షలు ధరింపుడు. ఇల్లు చేరిన తరువాత కాళ్ళను దిండుమీద ఎత్తుగా ఉంచి విశ్రమింపుడు.

మంచినీళ్ళు త్రాగుట, మూత్రవిసర్జనము రద్దీ పేరుతో వాయిదా వేయవలదు.

పండుగ దినములలో పోయిన సెలవునకు బదులు సెలవు ఏ తేదీన అను సంగతి, పండుగకు మునుపే నిశ్చయింపజేసికొనుడు. తరువాత చూతమనిన సెలవు సాధారణముగా రాదు.

సెలవుదినమున దుకాణపు ఫోను మీ స్థానమందున్నవారికి అప్పగింపుడు.

యజమానులకును, పై కార్యాలయములవారికిని చెప్పవలసినది కొలదిగా ఉన్నది. దుకాణము వారమునకు ఏడు దినములు తెరచియుండవచ్చును. 2016లో కేంద్రప్రభుత్వము రాష్ట్రముల ముందుంచిన నమూనా చట్టము ఏడాది పొడవునను తెరచియుంచుటకు వీలు కల్పించినది. కాని దుకాణము విశ్రాంతి లేకుండ ఉండవలెననిన, మనుషులు వంతులవారీగా ఉండవలెను. తలుపు తెరచు గంటలు పెంచి మనుషులను పెంచకపోయినచో, ఆ వ్యత్యాసమును చెల్లించునది నిర్వాహకుని రక్తనాళములే.

కొనుగోలుదారులమైన మనకును ఇందు వంతు కలదు. సగము దిగిన షట్టరు క్రిందినుండి వంగి "ఒక్క నిమిషము" అని లోపలికి పోవునప్పుడు, ఆ నిమిషము అరగంటయగుట మనకు తెలిసినదే. పండుగ బట్టలు చివరి రాత్రికి మిగుల్చుకొనక వారము మునుపు పగటివేళ కొనవచ్చును.

పరీక్ష, వైద్యము

ముప్పది ఏండ్లు దాటిన ప్రతివారికిని రక్తపుపోటు, మధుమేహ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములందు చేయుదురు. రక్తపుపోటు వేర్వేరు దినములలో చూచినప్పుడు పై అంకె 140కి గాని, క్రింది అంకె 90కి గాని చేరియున్నచో వైద్యుని చూడవలెను. ఇది బాధ పెట్టని జబ్బు. పరీక్ష చేయించుకొనినగాని తెలియదు. ఒకసారి మందు మొదలుపెట్టిన తరువాత, బాగుగా ఉన్నదని తలచి వైద్యునికి చెప్పక మానరాదు. ఉప్పు దినమునకు అయిదు గ్రాములకు, అనగా ఒక టీ చెంచాకు, లోపల ఉండవలెను. దుకాణములో నమలు ఉప్పుపల్లీలు, కారపు మిక్చరు కూడ ఆ లెక్కలోనివే.

పక్షవాతపు గుర్తులను దుకాణములోని ప్రతివాడును తెలిసికొనియుండుట మంచిది. ముఖము ఒకవైపునకు వంగుట, ఒక చేయి ఎత్తలేకపోవుట, మాట తడబడుట - ఇందులో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినను, సోడా ఇచ్చి పరుండబెట్టుట తగదు. వెంటనే 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. రక్తపుగడ్డను కరిగించు మందు, తగినవారికి, మొదటి నాలుగున్నర గంటలలోనే ఈయవలసియుండును. ఛాతీలో బరువు, చేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి, చల్లని చెమట కనబడినప్పుడును ఇట్లే చేయవలెను. 'ఈ రద్దీ తగ్గనిమ్ము, లెక్క ముగించి పోవుదము' అను ఆలోచన అట్టి సమయమున ప్రాణాంతకము.

మొదట చూచిన వస్త్రదుకాణమునకు మరల వత్తము. వేళ రాత్రి ఏడు గంటలు. రద్దీ ఇంకను తగ్గలేదు. నిర్వాహకుడు గల్లా దగ్గర నిలిచి, తన క్రింద ఆరేండ్లుగా పనిచేయుచున్న గుమాస్తాకు లెక్క పుస్తకము చూపి, ఇద్దరి సంతకములు చేయించి, తాళపుచెవుల గుత్తిని అతని చేతిలో పెట్టును. గుమాస్తా మొదటిసారి కొంచెము బెదరును. నిర్వాహకుడు మెట్లు దిగి వీధిలోనికి వచ్చి, ఒకసారి వెనుదిరిగి చూచును. దీపములన్నియు వెలుగుచునే ఉన్నవి. బేరములు సాగుచునే ఉన్నవి. ఎనిమిదింటికి అతడు ఇంటివారితో కలసి అన్నము తినగలడు. ఇది మన పట్టణములలోని ఏ దుకాణమునందైనను రేపటినుండి జరుపదగిన పని.